రెండో జమానత్

అప్పు వసూలుకు వచ్చిన రవి సిలిండర్ పైపు ఊడదీసేటప్పటికి కడాయిలో మిరపకాయ బజ్జీలు ఇంకా సగమే వేగాయి. నూనె మీది నురగ మెల్లగా అణిగిపోతుంటే తహసీన్ జల్లిగంటె పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. కొత్తకోట బస్టాండు దగ్గర మధ్యాహ్నం బేరం అప్పుడే అందుకుంటోంది. హైదరాబాదు బస్సు దిగిన ఇద్దరు ప్లేటు ఎంతని అడగబోయి, ఆరిన పొయ్యి చూసి పక్కకు వెళ్లిపోయారు.

“మూడు దినాలాయె అక్కా, నువ్వు కట్టక,” అన్నాడు రవి సిలిండర్‌ను మోటారు సైకిలుకు కట్టుకుంటూ. “నువ్వు కట్టకుంటే నా జీతంల కోస్తరు. నేనేం జెయ్యాలె?”

“పొయ్యి లేకుంటే ఏం అమ్మాలె, నీకెట్ల కట్టాలె? జర సోంచాయించు.”

“పైసలు కట్టి తీస్కపో.” ఆమె మొహం చూడకుండా బండి తిప్పుకుని వెళ్లిపోయాడు.

అది గిరిగిరి అప్పు. పదివేలని రాసుకుని ఎనిమిదిన్నర వేలు చేతికిస్తారు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. నడుమ ఆగితే ఇంకో పదివేలు రాసి, పాత బాకీ పట్టుకుని, మిగిలింది చేతిలో పెడతారు. తహసీన్‌కు ఇది నాలుగోది. మొదటిది భర్త బాబా చేతి కోసం తెచ్చింది. అతను పనిచేసే టైర్ల సేటు దుకాణంలో లారీ టైరుకు గాలి పడుతుంటే ఇనప రింగు ఎగిరి అతని ఎడమచేతి వేళ్లు నుజ్జయ్యాయి. ఆ రోజు దవాఖాన బిల్లు సేటు కట్టాడు. ఆ తర్వాత ఫోను ఎత్తలేదు. ఇప్పుడు బాబా హైవే మీది పంచర్ దుకాణాల్లో పిలిచిన రోజు పనికి పోతున్నాడు. పిలిస్తే ఆరువందలు, లేకపోతే లేదు.

పక్కన జామపండ్లు అమ్మే జములమ్మ గంప మీద గోనెపట్ట కప్పి లేచింది.

“నడువు చెల్లె. ఇయ్యాల సంఘం కూసుంటది. మళ్ల వచ్చే వారం దాంక తియ్యరు.”

సంఘమంటే మసీదు వెనక వీధిలో ఒక గది. వడ్డీ తినడం హరామని నమ్మినవాళ్లు నలుగురు కలిసి పెట్టారు. కూలి చేసుకునే సభ్యులు రోజుకు పదో ఇరవయ్యో దాచుకుంటారు. ఉన్నవాళ్లు లాభం అడగకుండా డిపాజిట్ వేస్తారు. అందులోంచి అవసరమైనవాళ్లకు అప్పిస్తారు. ఇరవై వేలు తీసుకుంటే ఇరవై వేలే కట్టాలి. హిందువులైనా, ముస్లింలైనా, ఎవరైనా చేరవచ్చు. జములమ్మ పోయినేడు అక్కడ ఎనిమిది వేలు తీసుకుని గిరిగిరి వదిలించుకుంది. “గా దినం గుండె మీదికెల్లి బండ దించినట్టయింది,” అని ఇప్పటికీ చెప్తుంది.

చిక్కల్లా జమానత్ దగ్గరే. తీసుకున్నవాళ్లు కట్టలేకపోతే మేం కడతామని ఇద్దరు సభ్యులు సంతకం పెట్టాలి. ఒకటి జములమ్మ పెడతానంది. రెండోదాని కోసం తహసీన్ గడప గడపకూ తిరిగింది. చుట్టాలంతా ఏదో ఒక అప్పులో మెడ దాకా మునిగినవాళ్లే. కొందరు మంచినీళ్లిచ్చి పంపారు. కొందరు తలుపే తియ్యలేదు.

గదిలో చాప మీద ఆడవాళ్లు ఏడెనిమిది మంది కూర్చుని ఉన్నారు. కోడలికి కుట్టుమిషన్ కొనాలని, జమానత్ దొరక్క రెండు నెలలుగా తిరుగుతున్న ముసలి బడేబీ అందరికంటే ముందుంది. పక్కనే కోడలు, ఒళ్లో చంటిపిల్ల. బాబా గోడవారగా నిలబడి ఉన్నాడు. లెక్కలు చూసే దానిష్ తహసీన్‌ను చూసి లేచాడు.

“ఆపా, మీకు రెండో జమానత్ దొరికింది.”

కుర్చీలో టైర్ల సేటు కూర్చుని ఉన్నాడు. సంఘం డబ్బులో మూడోవంతు ఆయన డిపాజిట్. గది కిరాయి కూడా ఆయనే కడతాడు.

“బాబా నాకు పరాయోడా? నేనుంట జమానత్,” అన్నాడు సేటు.

తహసీన్ అడిగిన ఇరవై వేలూ వస్తాయి. సాయంత్రానికల్లా గిరిగిరి తీర్చి సిలిండర్ తెచ్చుకోవచ్చు. నెలకు వెయ్యి కట్టుకుంటే చాలు. చున్నీ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

“రేపటిసంది దుకాన్లకు రారా బాబా,” సేటు అదే గొంతుతో అన్నాడు. “దినానికి మూడొందలిస్త.”

“బయట ఆరొందలిస్తున్నరు సేట్,” అన్నాడు బాబా నెమ్మదిగా.

“బయటోళ్లు నీకు జమానత్ ఉంటున్నరా? అప్పు తీరేదాంక నా కాడనే చెయ్యాలె. యాడికన్న పోతివంటే ఎవరు కట్టాలె, నేనే గదా.”

బాబా తల దించుకున్నాడు. సంతకం పెట్టడానికి కుడిచేత్తో బల్ల మీది పెన్ను తీసుకున్నాడు.

“దానిష్ భాయి,” అంది తహసీన్, “ఇరవై నెల్లు ఈయన సగం కూలికి చేస్తే, గా మిగిలిన సగం ఏంది? సూద్ కాదా?”

“సంఘం వడ్డీ తీస్కుంటలేదు ఆపా...”

“సంఘం తీస్కుంటలేదు. మేం ఇస్తలేమా?”

దానిష్ చెవులు ఎర్రబడ్డాయి. అప్పు పేరుతో ఏ ఫాయిదా లాగినా అది వడ్డీయేనని పోయిన రంజాన్‌లో ఇదే గదిలో తనే చెప్పాడు. ఇప్పుడు సేటు వైపు తిరిగాడు.

“సేట్ సాబ్, జమానత్‌కు షరతు పెట్టొద్దని మన కాయిదా...”

“మంచిది. ఐతే నా డిపాజిట్ నాకియ్యి. కిరాయి గూడ మీరే చూస్కోండి.”

సంఘంలో మిగతా డబ్బంతా అప్పులకే పోయి ఉంది. సేటు డబ్బు పోతే ఇవాళ ఎవరికీ అప్పు లేదు. చాప మీదివాళ్లంతా సేటును కాదు, తహసీన్‌ను చూస్తున్నారు.

“మా నోట్ల మన్ను గొట్టకు తహసీన్,” అన్నారెవరో వెనక నుంచి.

 రవి రేపు మళ్లీ వస్తాడని తహసీన్‌కు తెలుసు. ఈసారి బజ్జీల బండే తోలుకుపోతాడేమో. ఈ ఆడవాళ్లు వీధిలో ఎదురుపడితే మొహం తిప్పుకుంటారనీ తెలుసు. అయినా చెయ్యి చాచి భర్త వేళ్ల మధ్య నుంచి పెన్ను తీసి బల్ల మీద పెట్టింది.

“వద్దు సేట్. ఈయన రాడు.”

“తహసీన్...” అన్నాడు బాబా.  జములమ్మ వచ్చి ఆమె పక్కన నిలబడింది.

సేటుకు కోపం రాలేదు. నవ్వాడు. కుర్చీ చాప వైపు తిప్పుకున్నాడు.

“నీ సంగతేంది బడేబీ? మిషన్‌కు జమానత్ గావాలె గదా. నేనుంట. నీ కోడలు పొద్దుగాల వచ్చి మా ఇంట్ల ఇంత వంట జేసి పోతే సాలు.”

బడేబీ మోకాళ్ల మీద చేతులాన్చి లేచింది. బల్ల దగ్గరికి వచ్చి పెన్ను అందుకుంది. దానిష్ కాగితం ఆమె ముందుకు జరిపి, కళ్లు పక్కకు తిప్పుకున్నాడు. ఆమె వెనక్కి తిరిగి కోడలిని చూసింది. కోడలు తల అడ్డంగా ఊపలేదు, నిలువుగానూ ఊపలేదు. చంటిపిల్లను ఇంకాస్త దగ్గరికి అదుముకుంది.

బడేబీ పెన్ను మూత తీసింది. ముడతలు పడ్డ వేళ్లు కాగితం మీద ఆగిపోయాయి. సంతకం చెయ్యలేదు. పెన్ను కింద పెట్టనూ లేదు.