అరచేతిలో కర్పూరం

ఆదివారం పొద్దున్న గంగమ్మ గుడి ముందు నేను కర్పూరం పట్టి ప్రమాణం చెయ్యాలని మా ఇంటికి కబురొచ్చింది. కబురు తెచ్చినవాడు గుమ్మం దాటి లోపలికి రాలేదు, మంచినీళ్ళిస్తే తాగలేదు. మొన్నటిదాకా మా ఇంట్లో చేపల పులుసు అడిగి మరీ వడ్డించుకు తిన్నవాడే! నాకు ఒళ్ళు మండిపోయింది.

నింద పడింది నా మనవడు గణేష్ మీద. ప్రమాణం చెయ్యాల్సింది మాత్రం నేను. భీమిలి రోడ్డులో సముద్రాన్ని ఆనుకుని ఉన్న మా పేటలో పద్ధతి అది. ఇంట్లో ఎవరి మీద నింద పడినా, ఆ ఇంటి పెద్ద మగాడు అరచేతిలో కర్పూరం వెలిగించుకుని అమ్మ ముందు నిజం చెప్పాలి. చెబితే ఆ నింద అక్కడితో సరి, మళ్ళీ దాని ఊసు ఎవరూ ఎత్తకూడదు. చెప్పకపోతే వెలి. వెలి అంటే ఏమిటో పట్నంలో వాళ్ళకేం తెలుస్తుంది? మా పడవని ఇసకలోంచి నీళ్ళలోకి తొయ్యడానికి ఒక్క భుజం రాదు. నడిసముద్రంలో ఇంజను ఆగిపోతే మాకు తాడు విసిరేవాడుండడు. గణేష్‌కి చేపల వేట తప్ప ఇంకో పని రాదు, వాడికి ఇంకో పని అక్కర్లేదు కూడా.

ఇంతకీ జరిగిందేమిటంటే, సర్కారు వద్దన్న రింగు వలలు వేస్తున్న మూడు పడవల్ని అధికారులొచ్చి పట్టుకుపోయారు. ఏ పడవ ఎక్కడుందో పేటలోంచి ఎవరో ఫోను చేసి చెప్పారట. అంతకు ముందు వారమే గణేష్ మీటింగులో లేచి, ఆ వలలతో పిల్ల చేపల్ని కూడా ఊడ్చేస్తే రేపు మనం ఇసక తినాలా అని అరిచాడు. ఇంకేం, వేళ్ళన్నీ వాడి వైపు తిరిగాయి. "ఎర్రజెండా గవర్రాజు మనవడు గదా, ఇంకెవులు సేస్తారు?" అన్నారట. ఆ గవర్రాజుని నేనే.

వాడు చెయ్యలేదు. నాకు తెలుసు. ఆ రోజు నా కంటి ఆపరేషన్‌కి వాడే నన్ను గాజువాక తీసుకెళ్ళాడు. బస్సెక్కిన దగ్గర్నుంచి తిరిగి ఇంటికొచ్చేదాకా వాడి ఫోను నా చేతిలోనే ఉంది. ఆస్పత్రి బల్ల మీద ఊరికే కూర్చోలేక పాత పాటలు పెట్టమని లాక్కున్నాను, మళ్ళీ ఇవ్వలేదు. వాడు రెండుసార్లు అడిగితే కసిరాను కూడా. లోపలికెళ్ళేటప్పుడు లాల్చీ జేబులో పెట్టుకునే వెళ్ళాను, నర్సమ్మ చేత తిట్లు తిన్నాను. ఈ మాట చెబితే పెద్దలు నవ్వారు. "తాత మనవణ్ణి ఎనకేసుకు రాడేటి?" అన్నారు. అందుకే ప్రమాణం.

నిజమే కదా, చెప్పేస్తే పోలేదా అంటారేమో. నేను యాభై ఏళ్ళుగా ఆ గుడి వైపు తల తిప్పినవాణ్ణి కాదు. రోడ్డు మీదికి పోవాలంటే గుడి ముందు నుంచే దారి. నేను మాత్రం వలలారబెట్టే దిబ్బ చుట్టూ తిరిగి, మండే ఇసకలో కాళ్ళు కాల్చుకుంటూ పోతాను. పిల్లలు నవ్వుకుంటారు, నవ్వుకోనీ.

శనివారం మధ్యాహ్నం పోలిరాజు వచ్చాడు. వాడు నాకు వరసకి బావ, ఈడువాడు, ఇప్పుడు పేటకి పెద్ద. పట్టుకుపోయిన పడవల్లో వాడిదీ ఒకటి. మేమిద్దరం మీసాలు మొలవని వయసులో ఉక్కు ఫ్యాక్టరీ కోసం ఊరేగింపులో అరవడానికి పట్నం దాకా నడిచి పోయినవాళ్ళం. ఆ రోజు ఒక్క అరటిపండు సగం సగం తిన్నాం. ఫ్యాక్టరీ వస్తే పేటలో ప్రతి ఇంటికీ నెలజీతం వస్తుందని నమ్మాం. ఫ్యాక్టరీ వచ్చింది, మా పేటలో ఎవడికీ జీతం రాలేదు. నేను మాత్రం ఎర్రజెండా వదల్లేదు. పోలిరాజు ఆ తర్వాత మూడు పార్టీల కండువాలు మార్చాడు.

వాడు అరుగు మీద కూర్చుని గొంతు తగ్గించాడు. "బావా, రేపొచ్చి గబగబా నాలుగు ముక్కలు సెప్పేసి పో. నాను సూసుకుంటాను. కానీ ఓ సిక్కున్నాది. కుర్రోళ్ళు అడుగుతన్నారు, అమ్మని నమ్మనోడి పెమాణానికి ఇలువేటని."

"ఏటంటావు మరి?"

"నమ్ముతన్నానని ముందో మాట అనేయ్. అంతే. ఆ తరవాత ఎవుడూ నోరెత్తడు."

"అంటే, నిజం సెప్పడానికి ముందు అబద్ధమాడమంటావు."

"రాజకీయం అనుకో బావా," అన్నాడు పోలిరాజు. "ఓ మాటకే నీ మనవడి బతుకు నిలబడతాదంటే నీకేటి నొప్పి?"

ఆ మాటన్నది ఎవడో అయితే చెంప పగలగొట్టేవాణ్ణి. అన్నది వాడు కాబట్టి నా చెయ్యి లేవలేదు. ఎందుకంటే వాడికన్నీ తెలుసు.

అప్పట్లో మేమంతా హార్బరులో ట్రాలర్ల మీద కూలికి పోయేవాళ్ళం. వారాల తరబడి సముద్రంలో ఉంటే చేతికొచ్చేది ఇంటిల్లిపాదికీ గంజికి కూడా చాలదు. సమ్మె కట్టాం. పేటలో జెండా పాతింది నేనూ పోలిరాజూ. ఓనర్లు మాతో మాట్లాడలేదు, సరాసరి పేట పెద్దల దగ్గరికి పోయారు. పెద్దలు మమ్మల్నందర్నీ గంగమ్మ దగ్గర వరస కట్టించారు. తెల్లారి పన్లోకి పోతానని ఒక్కొక్కడూ కర్పూరం పట్టి చెప్పాలన్నారు. వరసలో ముందు నిలబడ్డవాడు పోలిరాజు. వాడు నా మొహం చూడకుండా చెయ్యి చాపాడు.

నాకు పిచ్చి కోపమొచ్చింది. కాళ్ళకి చెప్పులతోనే గద్దె ఎక్కి, "ఇది రాయిరా! రాయికి దడిసి పన్లోకి పోతారేటి?" అని అరిచాను. ఈ రోజుకీ ఆ మాట అన్నందుకు నాకు సిగ్గు లేదు. అయినా సమ్మె విరిగిపోయింది. ప్రమాణం చెయ్యని వాళ్ళం మిగిలింది ఇద్దరమే, నేనూ నా తమ్ముడు తాతబాబూ. వాడు నన్ను చూసి చెయ్యి చాపలేదు. మా ఇద్దర్నీ ఏ ట్రాలరూ ఎక్కించుకోలేదు. ఇంట్లో పొయ్యి వెలగకపోతే తమ్ముడు మా నాన్న నాటి పాత తెప్ప ఈడ్చుకుని ఒక్కడే సముద్రం మీదికి పోయాడు. గాలి లేచింది. తెప్ప దుంగ ఒకటి భీమిలి దగ్గర ఒడ్డుకొచ్చింది, వాడు రాలేదు.

చెప్పుల కాళ్ళతో గద్దె ఎక్కినందుకు అమ్మ తమ్ముణ్ణి తీసుకుందన్నారు పేటలో. ట్రాలరెక్కనివ్వని వాళ్ళు చంపారన్నాను నేను. మా అమ్మ బతికున్నన్నాళ్ళూ నాకు కూడు పెట్టింది గానీ, మొహం పక్కకి తిప్పుకునే పెట్టింది. తమ్ముడి పెళ్ళాం కాసులమ్మకి అప్పటికి పెళ్ళయి ఏడాది కూడా తిరగలేదు. ఆమె పుట్టింటికి పోలేదు. మా పక్కింట్లోనే ఉండి, భీమిలి బస్సులో చేపల గంప వేసుకుని తిరిగి అమ్ముకుని బతికింది. రోజూ సాయంత్రం గంగమ్మకి దీపం పెడుతుంది. వాన పడినా, ఒళ్ళు కాలిపోతున్నా మానదు. ఇన్నేళ్ళలో తాతబాబు పేరు నా దగ్గర ఒక్కసారి కూడా ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఆమె దీపం పట్టుకుని పోతుంటే నేను లోపలికి పోయి తలుపేసుకుంటాను.

పోలిరాజు వెళ్ళాక గణేష్ నా పక్కన కూలబడ్డాడు. "తాతా, నువ్వు రేపు రావొద్దు. నా కోసం నువ్వు నమ్మని దాని కాడ తల వొంచొద్దు. నాను పరవాడ ఎల్పోతాను. నాన్నతో పాటు ఫార్మా కంపెనీలో పన్జేసుకుంటాను."

"నోర్ముయ్!" అన్నాను. "నువ్వు బస్సెక్కితే నువ్వే సేసినట్టు. ఈ జన్మలో మళ్ళీ ఈ ఇసక తొక్కలేవు."

"మరేటి సేత్తావు? నమ్ముతన్నానని అంటావా?"

వాడు అటు తిరిగి మొహం తుడుచుకున్నాడు. ముసలితనంలో ఇలాంటి రోజొకటి చూడాల్సి వస్తుందని కలలో కూడా అనుకోలేదు. నమ్ముతున్నానంటే యాభై ఏళ్ళ నా బతుకు, నా తమ్ముడి చావు, అన్నీ వాళ్ళు చెప్పిందే నిజమని ఒప్పుకున్నట్టు. నమ్మనంటే వీడి బతుకు ఇసకలో కూరుకుపోయినట్టు. అన్నం సయించలేదు.

ఆదివారం పేట పేటంతా గుడి ముందుంది. నేను దిబ్బ చుట్టూ తిరగలేదు, గుడి దారినే నడిచి వెళ్ళాను. జనం రెండుగా చీలి దారిచ్చారు. చెప్పులు బయటే విడిచాను. గద్దెకి టైల్స్ వేశారు, ఇనప గ్రిల్లు పెట్టారు, టైల్స్ వేయించిన నాయకుడి పేరు పాలరాయి మీద అమ్మ కంటే పెద్దగా చెక్కించారు. గ్రిల్లు వెనక రాయి మాత్రం అదే. అదే పసుపు, అవే కళ్ళు. చూడగానే నాలో లేచింది భయం కాదు, కోపం. అన్నేళ్ళూ లోపల ఎక్కడ దాక్కుందో గానీ ఒక్కసారిగా గొంతులోకొచ్చింది.

పోలిరాజు పళ్ళెంలో కర్పూరం బిళ్ళ పెట్టి ముందుకొచ్చాడు. నా కళ్ళలోకి చూసి, అనేయ్ అన్నట్టు తలాడించాడు. తర్వాత అందరికీ వినబడేలా అడిగాడు. "గవర్రాజు బావా, అమ్మ మీద నీకు నమ్మకమున్నాదా?"

గణేష్ తల వంచుకుని వేలితో ఇసకలో గీతలు గీస్తున్నాడు. చిన్నప్పుడు బళ్ళో దెబ్బలు తిన్నప్పుడూ అలాగే గీసేవాడు. ఉందని అనేద్దామనే నోరు తెరిచాను. దేవుడి మీద ఒట్టు, అనేద్దామనే అనుకున్నాను.

"నేదు," అన్నాను.

జనం గోల పెట్టారు. "అయితే పెమాణం సెల్లదు!" అని వెనక నుంచి ఒకడు, "పడవ ఎవులూ తొయ్యొద్దు!" అని ఇంకొకడు. పోలిరాజు మొహం నల్లగా మాడిపోయింది. పళ్ళెం కిందికి దించాడు.

"ఆగండి!" అని అరిచాను. ఎప్పుడో సమ్మెలో అరిచిన గొంతు, ఇంకా ఉందని నాకే తెలియదు. "నమ్మకం నేదు. కోపమున్నాది. యాభై ఏళ్ళ బట్టీ దీని మొహం సూడనేదు నాను. దీని గుడి కనపడకండా ఇసకలో కాళ్ళు కాల్సుకుని తిరిగినాను. ఇదే నా దగ్గరున్న నిజం. ఇంకోటి కావాలంటే నా కాడ నేదు."

ఎవరో ఎగతాళిగా నవ్వారు. అప్పుడు ఆడవాళ్ళలోంచి కాసులమ్మ లేచింది. మోకాళ్ళు పట్టుకుని మెల్లగా వచ్చి పోలిరాజు చేతిలో పళ్ళెం లాక్కుంది.

"పోలిరాజూ, ఆ రోజు నువ్వు ముందుగా కర్పూరం పట్టినావు. అమ్మని నమ్మే పట్టినావా, ట్రాలరోడికి దడిసి పట్టినావా?"

పోలిరాజు తల ఎత్తలేదు.

"సెప్పవు. నాను అడగను కూడా," అంది కాసులమ్మ. జనం వైపు తిరిగింది. "ఉత్త రాయే అనుకుంటే యాభై ఏళ్ళు కోపముంటాదేటి ఎవులికైనా? ఈ గద్దె కాడి గొడవకే నా మొగుడు పోనాడు. ఈ మడిసి మాట సెల్లుతాదో సెల్లదో సెప్పాల్సింది నాను. సెల్లుతాది. బావా, సెయ్యి పట్టు."

ఇందాక అరిచినవాళ్ళు తలలు దించుకున్నారు. నేను చెయ్యి చాపాను. ఆమే అగ్గిపుల్ల గీసి నా అరచేతిలో కర్పూరం వెలిగించింది.

"నా మనవడు గణేష్ పడవల సంగతి ఎవులికీ సెప్పనేదు," అన్నాను. "ఆ రోజు ఆడి ఫోను నా సేతిలోనే ఉన్నాది. ఆడు తప్పు సేసుంటే ఈ సెయ్యి కాలిపోవాల."

"సాలు బావా, అయిపోనాది. పళ్ళెంలో ఒగ్గేయ్," అన్నాడు పోలిరాజు. మూడు మాటలు చెప్పి వదిలెయ్యడమే పద్ధతి. గణేష్ పరుగెత్తుకొచ్చి నా భుజం పట్టుకున్నాడు. వాణ్ణి మళ్ళీ ఎవరూ ఏమీ అనరు, రేపు పడవ నీళ్ళలోకి దిగుతుంది. నా పని అయిపోయింది.

నేను వదల్లేదు. మంట చర్మానికి తగులుతోంది. గ్రిల్లు దగ్గరికి జరిగి ఆ కళ్ళలోకే చూశాను. ఆ మాట యాభై ఏళ్ళుగా నోటి చివరే ఉంది.

"నా తమ్ముణ్ణేటి సేసినావే?" అన్నాను.

కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి, ఆపుకోలేదు. అప్పుడు కాసులమ్మ తన అరచెయ్యి నా చేతి మీద బోర్లించి ఆ మంట ఆర్పేసింది. చేపలు కోసి కోసి మొద్దుబారిన చెయ్యి. తియ్యకుండా అలాగే ఉంచింది.

"ఊరుకో బావా," అంది. "రోజూ దీపమెట్టి నానడిగేదీ అదే."