తూచని గుండు

మ్యూజియంలో ఆయన్ని అందరూ గుండ్ల మాస్టారు అనేవారు. కోట కందకాల్లో, వంతెన పునాదుల్లో ఎక్కడ పాత ఫిరంగి గుండు బయటపడినా ముందు ఆయనకే కబురు వచ్చేది. తుప్పు గీకి, చుట్టుకొలత తీసి, తూచి, అది ఏ కాలానిదో చెప్పేవారు. అన్నిటికన్నా ముఖ్యం, అది లోపలంతా ఇనుమున్న గట్టి గుండా, మందు కూరిన గుల్ల గుండా అన్నది తేల్చడం. గట్టిదైతే పిల్లలు దొర్లించుకున్నా భయం లేదు. గుల్లదైతే నూట యాభై ఏళ్ళ తర్వాత కూడా ప్రాణాలు తీయగలదు.

ఆ సోమవారం, కందకం పూడుస్తుంటే దొరికిన గుండొకటి ఆయన బల్ల మీదికి వచ్చింది. చుట్టుకొలతను బట్టి గట్టిదైతే పది కిలోల పైన తూగాలి. కాటా ఏడున్నర దగ్గర ఆగిపోయింది. తుప్పు కింద చిన్న రంధ్రం, దానికి బిగించిన కొయ్య బిరడా కనిపించాయి. వెంటనే బాంబు స్క్వాడ్‌ను పిలిచి అప్పగించేశారు. ఆ కందకంలో ఇంతకుముందు ఇంకేం దొరికాయో చూద్దామని పాత రిజిస్టర్ తిరగేశారు.

పదకొండేళ్ళ కిందటి పేజీలో తన చేతిరాతే ఉంది. "గట్టి గుండు. బరువు పది కిలోల మూడు వందల గ్రాములు. ప్రమాదం లేదు. బడిలో ఉంచుకోవచ్చు."

చుట్టుకొలత అదే. బరువు మాత్రం గుండ్ల కొలతల పుస్తకంలో అచ్చేసిన అంకె, గ్రాము తేడా లేకుండా. మట్టిలో తుప్పు తిన్న ఏ గుండూ అలా తూగదు. ఆ రోజు తాను దాన్ని తూచనే లేదు.

అంతా గుర్తుకొచ్చింది. కందకంలో గుండు దొరికిందని పక్కనే ఉన్న బడివాళ్ళు పిలిచారు. కాటా తీసుకెళ్ళలేదు. అక్కా బావా రైలు దిగుతున్నారని ఇంటి నుంచి ఫోన్ల మీద ఫోన్లు. అప్పుడే బడి ఆయా గుండును రెండు చేతులతో ఎత్తి చూసి, "సార్, ఇది కనిపించినంత బరువు లేదు. లోపల డొల్లగా ఉన్నట్టుంది," అంది.

"నువ్వు రోజూ మోసే బిందె అనుకున్నావా, నిండుగా ఉందో ఖాళీగా ఉందో చెప్పడానికి?" అన్నారాయన.

టీచర్లంతా గొల్లున నవ్వారు. ఆయా గుండు కింద పెట్టి, చేతులు దులుపుకుని వెళ్ళిపోయింది.

ఇదంతా గుర్తొచ్చిన క్షణమే స్క్వాడ్‌కు మళ్ళీ ఫోన్ చేయాల్సింది. ఫోన్ తీశారు, పెట్టేశారు. రిటైర్మెంట్ ఎనిమిది నెలల్లో ఉంది. బడిలో ఉన్న గుండును ప్రదర్శనకు కావాలని అడిగి తెచ్చేసుకుంటే ఎవరికీ తెలియదు కదా అనిపించింది.

మర్నాడు పొద్దున వ్యాన్ తీసుకుని బడికి వెళ్ళారు. లైబ్రరీ తలుపు మూసుకుపోకుండా దానికి అడ్డంగా ఉంది గుండు, నీలం రంగు వేసి. ఒక పిల్ల దాని మీద కూర్చుని బూటు లేసు కట్టుకుంటోంది.

"ప్రదర్శనకా? తప్పకుండా తీసుకెళ్ళండి మాస్టారూ, మా బడికే గౌరవం," అంది హెడ్‌మిస్ట్రెస్.

ఆయా అక్కడే ఉంది. జుట్టు సగం నెరిసింది. "వ్యాన్ దాకా నేను తెస్తాలెండి సార్," అంటూ, ఆయన నోరు తెరిచేలోపే వంగి గుండును ఎత్తి పొట్టకు ఆనించుకుంది. ముందు ఆరు మెట్లున్నాయి.

"వద్దు! కదలొద్దమ్మా! అక్కడే కింద పెట్టండి... మెల్లగా, మెల్లగా!"

ఆయన గొంతు ఆయనకే కొత్తగా వినిపించింది. ఆయా గుండును నేలకు దించింది.

"ఏమైంది మాస్టారూ?"

"అది గుల్ల గుండు. లోపల మందు ఉండొచ్చు. ఆ రోజు నేను తూచలేదు. తూచినట్టు రాశాను."

"మరి ప్రదర్శనకని అన్నారు?"

"అబద్ధం. నిన్ననే తెలిసింది నాకు."

"నిన్ననా?" అంది హెడ్‌మిస్ట్రెస్. ఆయనకు తల కొట్టేసినట్టయింది.

పిల్లలందర్నీ పక్క వీధిలోని మైదానంలో కూర్చోబెట్టారు. స్క్వాడ్ వచ్చి ఇసుక బస్తాల మధ్య గుండును తీసుకెళ్ళింది. సాయంత్రం వాళ్ళ అధికారి ఫోన్ చేశాడు. "మందు పొడిగానే ఉంది సార్. అన్నేళ్ళూ ఎలా గడిచిందో మీ అదృష్టం."

అదృష్టం తనది కాదని ఆయనకు తెలుసు. డైరెక్టర్‌కు అన్నీ రాసిచ్చారు, ఒక రోజు దాచిన సంగతితో సహా. సంతకం చేసే అధికారం తీసేశారు. ఆయన ధ్రువీకరించిన గుండ్లన్నీ మళ్ళీ తూస్తున్నారు. తూచి రాసేది తన కింద పనిచేసిన అమ్మాయి. కాటా మీదికి ఎత్తిపెట్టేది ఆయన.

వారం తర్వాత ఆయాను వెతుక్కుంటూ వెళ్ళారు. ఆమె వరండా తుడుస్తోంది.

"ఆ రోజు మీరు చెప్పిందే నిజం. మిమ్మల్ని చూసి నవ్వాను."

"మీరు నవ్వలేదు సార్. నవ్వించారు," అంది ఆయా. "తర్వాత నాకే అనుమానం వచ్చింది, నాకేం తెలుసులే అని. మళ్ళీ ఒకసారి చెప్పాల్సింది. నోరు రాలేదు."

"తప్పు మీది కాదు. నన్ను క్షమించండి."

"సరే సార్," అంటూ చీపురు గోడకు ఆనించి, బెల్లు కొట్టడానికి వెళ్ళిపోయింది.

ఇంట్లో భార్య అడిగింది. "ఏమందావిడ?"

"సరే అంది."

"అంటే క్షమించినట్టేనా?"

"అడగడానికి నాకు మొహం చెల్లలేదు," అన్నారాయన.