నలభై ఒకటో మెట్టు

కోటలో గైడులు నలుగురున్నా, బురుజు కథ చెప్పాలంటే ఆ పెద్దాయనే చెప్పాలి. ఆయన నోరు తెరిస్తే నాలుగు వందల ఏళ్లు గిర్రున వెనక్కి తిరిగేవి. మెట్లు కుడివైపుకే ఎందుకు చుట్టుకుంటాయి? ఎక్కివచ్చే శత్రువు కత్తి చెయ్యి గోడకు తగులుకోవాలని. మరి నలభై ఒకటో మెట్టు? దాని గురించి మాత్రం ముందు నోరు మెదిపేవాడు కాదు. ఆ మెట్టు మిగతావాటికంటే నాలుగు వేళ్లు ఎత్తు. పరుగెత్తుకొచ్చేవాడు కాలు తట్టుకుని పడాలని కట్టినవాళ్లు కావాలని పెట్టిన మెలిక అది. వెనకాల ఎవరో ఒకరు తూలేదాకా ఆగి, "శత్రువు దొరికాడు!" అని అరిచేవాడు. అందరూ గొల్లుమనేవారు. ముప్పై ఏళ్లు ఆ నవ్వే ఆయనకు అన్నం పెట్టింది.

ఇరుకు మెట్లంటే భయమని ఇన్నేళ్లూ బురుజెక్కని ఆయన భార్య, పోయిన నెల మొదటిసారి వచ్చింది. గోడ పట్టుకుని, గుంపులో అందరికంటే వెనక ఎక్కింది. ఆ మెట్టు దగ్గరే పడింది. మళ్లీ లేవలేదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆ మెట్టును చెక్కి సమం చేయమని కోట ఆఫీసు ఇప్పుడు మనిషిని పంపింది. కోటలో రాతిపని చేసేది ఆవిడ తమ్ముడే. అక్క పోయిన రోజు నుంచి బావతో మాట్లాడలేదు. ఉలి రాతికి ఆనించి, తల ఎత్తకుండా అడిగాడు.

"బావా, ఒక్కటి చెప్పు. ఈ మెట్టు ఎత్తుగా ఉంటుందని అక్కకి ముందే చెప్పావా?"

చెప్పానంటే సరిపోయేది. ఆరోజు గుంపులోవాళ్లు ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయారు, కాదనేవాళ్లు లేరు. ఆయనకు మిగిలిన ఒక్కగానొక్క చుట్టం దక్కేవాడు. నోటితోనే బతికిన ఆ మనిషి ఉన్నదే చెప్పాడు.

"లేదురా. వెనకాల మీ అక్క ఉందన్న సంగతే మర్చిపోయాను. ఎవరు తూలుతారా అని చూస్తున్నాను. చప్పుడైంది. 'శత్రువు దొరికాడు' అన్నానురా. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను."

బావమరిది రాతి మీంచి ఉలి తీశాడు. సుత్తితో పాటు సంచిలో వేసుకున్నాడు.

"దీన్ని నేను చెక్కను. ఇది ఇలాగే ఉండనీ. నువ్వు రోజూ ఎక్కు," అని దిగిపోయాడు.

మధ్యాహ్నం గుంపు వచ్చింది. నలభయ్యో మెట్టు మీద ఆయన ఆగి, వెనక్కి తిరిగాడు.

"జాగ్రత్తమ్మా. ఇక్కడ మెట్టు ఎత్తు. చూసి అడుగెయ్యండి."

అందరూ చూసుకుని దాటారు. ఎవరూ తూలలేదు. ఆ తర్వాత కథ ఎలా మొదలుపెట్టాలో ఆయనకు తెలియలేదు.