ఒలి, ఒళి

అరవసీమ అంచున ఉన్న తళి ఊళ్లో శేషప్పకు చక్కెర జబ్బుతో చూపు పూర్తిగా పోయిన ఏడాదే, 1999లో, ఆ ఇంటికి టీవీ వచ్చింది. కొడుకు హోసూరు నుంచి బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. శేషప్ప దాని దగ్గరికి రాలేదు. సాయంత్రమైతే తన రేడియోతో బయట అరుగు మీదే కూర్చునేవాడు. లోపల భార్య రామలక్ష్మమ్మ, ఆయనకు వినబడితే బాధపడతాడని శబ్దం బాగా తగ్గించి సీరియల్ చూసేది.

ఒకరోజు శేషప్ప కోడలు భువనను పిలిచి ఒక అనుమానం అడిగాడు. రేడియోలో అరవంలో ఒలిపరప్పు అంటారు. ఎంత తగ్గించి పెట్టినా లోపల టీవీలోనూ అదే మాట వినబడుతోంది. రెండింటికీ ఒకటే పేరా అని.

భువన కావేరిపట్టణం పిల్ల, అరవంలో చదువుకుంది. రెండూ ఒకటి కాదని, నాలుక మడిచే చోటే తేడా ఉందని చెప్పింది. "రేడియోది ఒలి మామా. అంటే సద్దు. టీవీది ఒళి. అంటే వెలుగు. పరప్పు అంటే పరిచేది, మనం కళ్లంలో రాగులు పరిచినట్ల." తెలుగులో ప్రసారమన్నా అట్లా నలుదిక్కులా పరుచుకోవడమేనని, కాకపోతే మనకు ఆ ఒక్క మాటే రెండింటికీ సరిపోతుందని కూడా చెప్పింది.

శేషప్ప ఆ రెండు మాటలూ మెల్లగా పలికి చూసుకున్నాడు. "అట్లయితే సద్దు నాకు, వెలుగు మీకు," అన్నాడు.

అందులో నిష్ఠూరమేమీ లేదు. అయినా లోపల వింటున్న రామలక్ష్మమ్మ చేతిలోని చాట పక్కన పెట్టి బయటికి వచ్చింది. ఆయన చెయ్యి పట్టుకుంది.

"లోపలికి రా. ఆడ ఏమేమి కనిపిస్తా ఉందో నేను చెప్తాను."

ఆమెకు కథ చెప్పడం రాదు. చీర రంగు చెప్పేది, పిల్ల జడలో పెట్టుకున్నది తమ ఊరి గులాబీ లాంటిదేనని చెప్పేది, అసలు సంగతి వదిలేసేది. ఆయన గొంతులు విని దాన్ని పట్టుకునేవాడు. ఆ యమ్మ అబద్ధం చెప్తోందని ఆయనంటే, అంత లక్షణమైన మనిషి అబద్ధమెందుకు చెప్తుందని ఈమె వాదించేది. పక్కింటి చిక్కమ్మ టీవీ కోసం కాక వీళ్ల వాదన కోసమే రావడం మొదలుపెట్టింది.

సీరియల్ ముగిసే రోజు సగంలో కరెంటు పోయింది. చిక్కమ్మ లేవబోయింది. శేషప్ప కదల్లేదు. మిగతాది నువ్వే చెప్పమని భార్యను అడిగాడు. రామలక్ష్మమ్మ ముందు ఆ పిల్ల చీర రంగు చెప్పింది. తర్వాత ఆ పిల్లకు పెళ్లి కుదిర్చింది, అత్తతో రాజీ చేసింది, పందిట్లో అందరికీ ఓళిగలు వడ్డించింది.

అసలు ముగింపు వేరని మర్నాడు చిక్కమ్మ ఎక్కడో విని వచ్చింది. చెప్పబోతుంటే శేషప్ప వద్దన్నాడు.

"అది వాళ్లు చూసింది చిక్కమ్మా. నేను చూసింది నాకు చాలు."

అని భార్య వైపు తిరిగాడు. "పెండ్లికొడుకు వాళ్లు యా ఊరోళ్లని చెప్పినావు?"