పచ్చిక కింద పురుగు

దాలయ్య గొంతుక్కూర్చుని పచ్చికను చాపలా లేపాడు. గడ్డికి వేళ్ళు లేవు గనక తేలిగ్గా వచ్చేసింది. అడుగున తడిమట్టిలో, బొటనవేలంత తెల్లటి పురుగులు ముడుచుకుని పడుకున్నాయి. జానెడు చోటులో పదకొండు.

ఉక్కునగరంలో తన క్వార్టరు వరండాలోంచి రామలక్ష్మమ్మ చూస్తూనే ఉంది. లాన్ మచ్చలుగా ఎండుతుంటే, తోటమాలి నీళ్ళు పెట్టడం లేదని మొదట అనుకుంది. ఇప్పుడు కావాలనే చంపుతున్నాడేమోననిపిస్తోంది.

"వేరుపురుగమ్మా," అన్నాడు దాలయ్య.

"నువ్వు తెచ్చిన గత్తం ఎరువులోనే వచ్చుంటాయి."

"కాదమ్మా. తొలకరికి పెంకుపురుగులొచ్చి నేల్లో గుడ్లెట్టీసినాయి."

"నీకెలా తెలుసు?"

అతను మళ్ళీ మట్టిలోకి వంగాడు. ముప్పై ఏళ్ళ కిందట, తగరపువలస దగ్గర వాళ్ళ ఊళ్ళో, వేరుశనగ చేను ఇలాగే వాడిపోయింది. పక్క చేనున్న తన తమ్ముడే చేతబడి చేయించాడన్నాడు దాలయ్య తండ్రి. దాలయ్య మొక్క పీకి, పురుగులు కొరికేసిన వేళ్ళు చూపించినా నమ్మలేదు. చచ్చేదాకా తమ్ముడితో మాట్లాడలేదు. ఆ ఏడే దాలయ్య పట్నం వచ్చాడు. అప్పట్నుంచీ ఇతరుల గడ్డికి నీళ్ళు పెడుతున్నాడు.

పురుగుల్ని ఏరి సబ్బునీళ్ళ డబ్బాలో వేశాడు.

"వాటిని పక్కింట్లో పారబోస్తావేమో," అంది రామలక్ష్మమ్మ.

"ఎందుకమ్మా, అక్కడా పని సేసీది నానే కదా."

ఆమె నవ్వలేదు. అతను మట్టిని గుల్లచేసి, పురుగుకు బూజు పట్టించి చంపే పొడిని చివికిన గత్తంలో కలిపి, వరసగా చల్లుతూ నీళ్ళు పెట్టాడు. అతను వదిలేసిన పురుగుల కోసం గోరింకలు వెనకే నడిచాయి. రెండుసార్లు ఆగి గుండె రుద్దుకున్నాడు. ఆమె అది కూడా పని ఎగ్గొట్టడానికేననుకుంది.

మధ్యాహ్నం కిటికీలోంచి చూస్తే, గోడకు చేరగిలబడి తల వాల్చేసి ఉన్నాడు. సగం లాన్ మిగిలే ఉంది. ఎంతసేపు నిద్రపోతాడో చూద్దామని ఆమె లేపలేదు. గోడ గడియారం చూసుకుంటూ గంటసేపు కూర్చుంది.

చివరికి బయటికొచ్చి, "దాలయ్యా, ఇదేనా నువ్వు చేసే పని?" అంది.

అతని పాదాల మీదుగా ఒక గోరింక నడిచి వెళ్ళింది. పాదాలు కదల్లేదు.

అంబులెన్సు వచ్చి వెళ్ళాక, రామలక్ష్మమ్మ ఎండిన చోట వంగి గడ్డిని పట్టుకు లాగింది. గుప్పెడు ఊడి చేతిలోకొచ్చింది. వేళ్ళు లేవు.

లాన్ మధ్యలో, మందు ఎక్కడిదాకా పడిందో గుర్తుకు దాలయ్య గుచ్చిన వెదురుపుల్ల, దాని కొనకు తువ్వాలు అంచు చింపి కట్టిన ఎర్రటి పీలిక అలాగే ఉన్నాయి.