ఉడకని సున్నం

నేను జగిత్యాలలో సున్నం, రంగులు, యాసిడ్ అమ్ముతాను. మా తాతను ఊళ్లో దొర అనేవారు. భూములు పోయి దుకాణం మిగిలినా, మల్యాల వైపు నుంచి వచ్చే పాత మనుషులు నన్నూ అలాగే పిలుస్తారు. ఆ పిలుపుతో ఒక్క బస్తా కూడా అదనంగా అమ్ముడుపోదు.

పోయిన ఎండాకాలం బట్టీ నుంచి ఇరవై బస్తాల గడ్డ సున్నం దింపించాను. ఒక్కొక్కటి నలభై కిలోలు. అనుకున్నంతగా ఎవరూ కొనలేదు. అందరూ డబ్బా రంగులే అడిగారు. వానకాలమంతా ఆ సరుకు గోదాములో ఒక మూలన పడి ఉంది. దసరా ముందు చూస్తే గడ్డలు విచ్చుకుని పిండి అయ్యాయి, సంచులు ఉబ్బి చిరిగాయి. కొత్త సంచుల్లోకి ఎత్తించి తూకం వేస్తే ఇరవై ఆరు బస్తాలు తేలాయి. ఆరు బస్తాలు గాలిలోంచి వచ్చాయి. ఆ పూట నాకు అన్నం రుచిగా అనిపించింది.

ఆదివారం మా అమ్మాయి అక్షర దుకాణంలో కూర్చుని రసాయన సంయోగం పాఠం చదువుకుంటోంది. పదో తరగతి. ఆరు బస్తాల సంగతి గొప్పగా చెప్పాను.

"యాభై ఆరు గ్రాముల పొడి సున్నంల పద్దెనిమిది గ్రాముల నీళ్లు కలిస్తె డెబ్బై నాలుగు గ్రాముల తడి సున్నం అయితది డాడీ. నీ సున్నం వానకాలం గాలిల తేమ తాగింది. నీకు అచ్చింది లాభం కాదు, నీళ్లు."

"నీళ్లు గూడ తూగుతయి గదా."

అది నవ్వి, చిటికెడు పిండి గచ్చు మీద పెట్టి ఒక చుక్క యాసిడ్ వేసింది. బుడగలు లేచాయి.

"చూసినవా? మనం ఇడిసే గాలి గూడ దీంట్ల కలిసింది. మళ్ల రాయి అయితున్నది. పిండి లెక్క కనవడుతది గని రాతిపొడి. ఎన్ని నీళ్లు పోసినా ఇగ ఉడకదు."

"మళ్ల ఉడకాలంటే?"

"మళ్ల బట్టీల కాల్చాలె."

"గోడకు ఏసేటోనికి ఉడికితె ఏంది, ఉడకకుంటె ఏంది?"

"గోడకు గూడ అంటదు డాడీ. చెయ్యి పెడితె చేతికే అంటుతది."

దాని మాట విన్నాను. బస్తాలను మాత్రం బయట పారేయలేదు.

గడ్డను నీళ్లలో వేసి, ఉడుకు చూపించి అమ్మడం మా వ్యాపారంలో పద్ధతి. అందుకోసం సరుకు దిగిన రోజే మంచి గడ్డలు ఏరి బిగుతు మూత ఉన్న స్టీలు డబ్బాలో పెట్టుకుంటాం. డబ్బాలోది చూపిస్తాం, గోదాములోది ఇస్తాం. సరుకు తాజాగా ఉన్నంతకాలం రెండూ ఒకటే.

మూడు రోజులకు సారక్క వచ్చింది. మల్యాల దగ్గర కూలి పనులు చేసిన మనిషి. ఏడాదిగా కోళ్ల కంపెనీ షెడ్డు ఒకటి పట్టుకుని, వాళ్లిచ్చే కోడిపిల్లల్ని పెంచుతోంది.

"దొరా, ఉడికే సున్నం కావాలె. నాలుగు వందల పిల్లలు తెగులుతోని సచ్చినయి. షెడ్డు కడిగి, సున్నం పోసి, నీళ్లు జల్లుమన్నడు డాక్టర్ సారు. ఉడికితెనే రోగం సస్తదట."

"మళ్ల పిల్లల్ని ఇస్తరా నీకు?"

"ఇంకొక్కసారి ఇస్తమన్నరు. గీసారి గూడ సస్తె షెడ్డు గుంజుకుంటరు. మా ఆయిన నడుము పడిపాయె. మళ్ల నేనొక్కదాన్నే కూలికి పోవాలె."

కొత్త లోడు రావడానికి ఇంకా నెల పడుతుంది. లేదని చెబితే పక్క దుకాణానికి పోతుంది. ఒకసారి పోయిన గిరాకీ తిరిగి రాదు. డబ్బా మూత తీసి, ఒక గడ్డను బకెట్ నీళ్లలో వేశాను. బుసబుసా పొంగింది. ఆవిరి ముఖానికి కొడితే సారక్క కొంగు అడ్డం పెట్టుకుంది.

"అబ్బో, అన్నం కుండ లెక్క ఉడుకవట్టె" అని నవ్వింది.

గోదాములోంచి మూతి కుట్టిన రెండు బస్తాలు ఆటోలో వేయించాను. అక్షర అప్పుడు బడిలో ఉంది. ఉంటే ఏమనేదో నాకు తెలుసు.

మూడు వారాల తర్వాత సారక్క మళ్లీ వచ్చింది. చేతిలో ఖాళీ సంచి ఉంది.

"ఇంకో బస్తా ఇయ్యి దొరా. పూడ్సనీకి."

"ఏం పూడ్సనీకి?"

"పిల్లల్ని. మూడు వందల ఎనభై పోయినయి. ఉన్నయి గూడ తలలు ఏలాడేసినయి. కుక్కలు తోడకుంట మీద సున్నం పొయ్యాలెనట."

నేను ఏదో అనబోయేలోపే ఆమె అందుకుంది.

"నీ సున్నం మంచిదే దొరా. నేనే పలుచగ జల్లిన గావచ్చు. గీడ ఉడికినట్టు గాడ ఉడకలే."

అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. తప్పు తన మీద వేసుకున్న మనిషి బస్తా తీసుకుని పోయేది. కానీ ఈసారి నేను డబ్బా ముట్టుకోలేదు. గోదాములోకి పోయి, అదే పిండి రెండు దోసిళ్లు తెచ్చి, ఆమె ముందే బకెట్‌లో వేశాను. నీళ్లు తెల్లబడ్డాయి. పిండి అడుక్కి చేరింది. ఆవిరి లేదు, చప్పుడు లేదు.

సారక్క బకెట్ పక్కన కూర్చుంది.

"జెరసేపు ఆగు దొరా. ఉడుకు పట్టుకుంటది గావచ్చు."

ఆగాము. కొండగట్టు మీదుగా పోయే బస్సు ఒకటి వెళ్లిపోయింది. ఆమె లేవలేదు. చివరికి వేలు నీళ్లలో ముంచింది. నేను వద్దనలేదు. వేలు కాలదని నాకు తెలుసు.

"సల్లగున్నది" అన్నది.

బల్ల మీది డబ్బా వంక చూసింది. తర్వాత గోదాము తలుపు వంక చూసింది.

"డబ్బాలది వేరేనా?"

"వేరే."

తెల్లబడిన వేలిని సంచికి తుడుచుకుంది.

"మూడు బస్తాలు ఊకెనే తీస్కపో సారక్కా" అన్నాను.

"గిదేం జేస్కుంట దొరా? మన్ను మా ఊర్లె గూడ ఉన్నది. గదే పోస్త."

సంచి మడిచి చంకలో పెట్టుకుని బస్టాండ్ వైపు నడిచింది.

గోదాములో ఇంకా ఇరవై నాలుగు బస్తాలు ఉన్నాయి. నిన్న ఒకటి తూకం వేశాను. మరో రెండు కిలోలు పెరిగింది.