నీలం బరకం

ఎలుగుబంటిని చంపాలని ముందు పంతం పట్టింది నేనే. మా ఆయన తాతబాబు పెద్దకర్మ అయిన మూడో రోజున, మరిది ఉమామహేష్ నెత్తిన పనసపండు పెట్టించి కొండెక్కాను. పండు లోపల అడవిపందులకు పెట్టే నాటుబాంబు ఉంది. కొరికితే మూతి ఉండదు. మూతి లేకుండా అది ఎన్నాళ్ళు బతుకుతుందో చూడాలని నా కోరిక. మొగుడి ముఖం మీద గుడ్డ కప్పి కాటికి పంపినదాన్ని, నా దగ్గర ధర్మపన్నాలు వల్లించకండి.

మాది ఎలమంచిలి దాటాక కొండ కింద ఊరు. వేసవిలో కొండ మీద చుక్క నీరుండదు. ఎలుగులూ దుప్పులూ నీళ్ళకోసం ఊళ్ళోకి దిగకుండా ఫారెస్టు వాళ్ళు పైన పళ్ళెంలాంటి సిమెంటు తొట్టి కట్టించారు. వారానికి రెండు ట్యాంకర్లు పోసి, నిండిన తొట్టిని ఫోన్లో ఫొటో తీసి పంపాలి. ఆ కాంట్రాక్టు భీమశంకరరావుది. ట్యాంకర్ తోలేది మా ఆయన, క్లీనరు మా మరిది. మే నెలలో ఒకరోజు పొద్దున్నే మా జీడితోట బోరు దగ్గర మా ఆయన ముఖం కడుక్కుంటుంటే, నీళ్ళకు దిగిన ఎలుగు మీద పడింది.

పండు తొట్టి దగ్గరే పెడదామన్నాను. దాహమైతే అక్కడికి రాక ఎక్కడికి పోతుంది? ఇంకోచోట పెడదామని ఉమామహేష్ దారంతా గొణుగుతూనే ఉన్నాడు. పిరికిగొడ్డని తిట్టాను.

తొట్టిలో నీళ్ళు లేవు. తడి కూడా లేదు. ఎండుటాకులున్నాయి, అడుగంతా గోళ్ళ గీతలున్నాయి. నీళ్ళు ఊరతాయేమోనని సిమెంటును గోకి గోకి చూసింది ఆ జంతువు. ఒడ్డున రాళ్ళ కింద నీలం బరకం పీలిక ఒకటి ఇరుక్కుని ఉంది.

ఆ నీలం నాకు తెలుసు. జీడిపిక్కలు ఎండబోసుకునే టార్పాలిన్ బరకం మాది. కిందటేడు మేక కొరికితే నా ఎర్రలంగా ముక్క వేసి దబ్బనంతో కుట్టాను. ఈ ఏడు పిక్కల వేళకు కనబడకపోతే మా ఆయన్ని అడిగాను కూడా. ట్యాంకర్ పనికి తీసుకెళ్ళానన్నాడు.

మరిది పండు దింపి కూలబడ్డాడు.

"బరకం తొట్టిలో పరిసి, మీద రెండు బకెట్లు సల్లి పొటో తీసేవోళ్ళం వదినా. వారగా తీత్తే నిండు నీళ్ళలాగే మెరుత్తాది. ట్యాంకర్లేమో కూర్మన్నపాలెం అపార్ట్‌మెంట్లకి ఎల్లిపోయేవి. పరవమన్నది కాంట్రాక్టరు బాబు. పరిసింది అన్న."

నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది. మా ఆయన మీద, మరిది మీద, గట్టిగా నిలదీసి అడగని నా మీద. ఎలుగునీ మా ఆయన్నీ ఒక్క బోరు దగ్గరికి చేర్చినవాడు మాత్రం ఏసీ కారులో చల్లగా తిరుగుతున్నాడు. పండు మరిది చేతే వెనక్కి మోయించి నీళ్ళలో ముంచించాను. ఆ రోజు నుంచి రోజూ రెండు బిందెలు మోసుకెళ్ళి తొట్టిలో పోశాను. జాలేమీ కాదు. ఎలుగు ఊళ్ళోకి దిగితే చంపేస్తారు. అది చస్తే ఊరి కోపం చల్లారిపోతుంది, భీమశంకరరావు గట్టెక్కేస్తాడు. అందుకే దాన్ని బతికించాను.

వారం తిరక్కుండా అతనే మా ఇంటికొచ్చాడు. మా అత్త మహాలక్ష్మమ్మ చేతులు పట్టుకుని కళ్ళు తుడుచుకున్నాడు. పర్యావరణ దినోత్సవానికి పట్నంలో, ద్వారకా నగర్‌లో సభ ఉందట. అడవి జంతువుల దాహం తీర్చినందుకు తనకు సన్మానమట. ఆ శాలువా నా చేత్తో కప్పితే తాతబాబు ఆత్మ శాంతిస్తుందట. పేపర్లో పడే ఫొటో కోసం శకునాలు కూడా మానుకున్నాడు మహానుభావుడు. ఎలుగును కాల్పించే పూచీ తనదేనని కూడా అన్నాడు. దొంగే దొంగా దొంగా అని అరవడమంటే ఇదే. వస్తానన్నాను. పగేమీ అన్నం కాదు, చల్లారితే పాచిపోవడానికి.

బరకం ట్యాంకర్ సీటు వెనక ఉందని మరిది చెబితే తెప్పించాను. ఉతకలేదు, దులపలేదు.

బస్సులో అత్త నా పక్కనే కూర్చుంది. కొడుకు పేరు మైకులో వినాలని ఆవిడ ఆశ. నేను నోరు విప్పితే భీమశంకరరావుతో పాటు ఆ పేరూ మట్టిలో కలుస్తుంది. నాకున్న బాధల్లా అదొక్కటే. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో దిగేదాకా ఆలోచిస్తూనే ఉన్నాను. సంచి మాత్రం ఒళ్ళోంచి దించలేదు.

వేదిక వెనక గోడంత ఫ్లెక్సీ కట్టారు. అందులో మా కొండ తొట్టి, నిండా నీలం నీళ్ళు, నీళ్ళ మీద ఎర్రగా ఏదో ఒకటి. మైకు పట్టుకున్న సభాధ్యక్షులు అచ్యుతరామయ్య గారు దాన్ని మోదుగపువ్వన్నారు. జనం చప్పట్లు కొట్టారు. ఆ పువ్వు చుట్టూ నా దబ్బనం కుట్లు నాకు కనబడుతున్నాయి.

పిలిచారు, వెళ్ళాను. పళ్ళెంలోని శాలువా పక్కన పెట్టి, సంచిలోంచి బరకం తీసి భీమశంకరరావు భుజాల మీద కప్పాను. ఎండుమట్టి తెల్లచొక్కా మీద రాలింది. ఎర్రముక్క సరిగ్గా గుండె మీదకొచ్చేలా సర్దాను. ఫొటోలవాళ్ళు అలవాటుకొద్దీ తీసేశారు. ముందు వరసలో వాళ్ళు ఫ్లెక్సీనీ బరకాన్నీ మార్చి మార్చి చూడసాగారు.

"ఏటి సేత్తన్నావమ్మా. నీ మొగుడి పరువే పోతాది," అన్నాడు, నవ్వు చెదరనివ్వకుండా.

మైకు మా ముందే ఉంది. దాని దగ్గరికి జరిగాను.

"తొట్టిలో నీళ్ళకి బదులు ఈ బరకం పరిసింది నా మొగుడే బాబూ. ఆడు సచ్చి తీర్సుకున్నాడు. పరవమన్నది మీరు. మీరింకా బతికే ఉన్నారు."

అతను బరకం లాగి పారేయబోయాడు. అప్పుడే మూడో వరసలోంచి అత్త లేచింది. నా జుట్టు పట్టుకుంటుందనే అనుకున్నాను, పట్టుకున్నా పడదామనుకున్నాను. ఆవిడ మెట్లెక్కి వచ్చి, నా కుట్టును వేలితో తడిమి చూసింది. తర్వాత బరకం రెండు కొసలూ అతని మెడ కింద దగ్గరకు లాగి పట్టుకుంది.

"జారిపోతంది కోడలా," అంది. "ముడెయ్యి."